ఊపిరితిత్తులు లేని సాలమాండర్ మన కొండల్లో ఉందా?

జయనగర తాతయ్య:
వేసవిలో అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు అల్లుడు గ్రేట్ స్మోకీ పర్వతాలకు తీసుకెళ్లాడు. చీకటి పడ్డాక, వాన తడిలో ఒక దుంగ పక్కన బల్లిలాంటిది కనిపించింది. ఒళ్లంతా నలుపు, బుగ్గలు మాత్రం ఎరుపు. దానికి ఊపిరితిత్తులే ఉండవట! ఇక్కడున్న మనవడికి ఈ సంగతి చెప్పినప్పటి నుంచి, కూర్గ్‌లో ఒకటి పట్టుకుందాం అంటున్నాడు. అక్కడ దొరుకుతుందా?

మల్లేశ్వరం జువాలజీ టీచర్:
నమస్కారం తాతయ్యగారూ. మీరు చూసింది ఎర్రబుగ్గల సాలమాండర్, ప్లెథోడాన్ జోర్డానీ. టెనెసీ, నార్త్ కరొలైనా సరిహద్దులో ఆ కొండల చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా ఉండదు. బల్లి కాదండీ, కప్పలాగే ఉభయచరం.

చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ ఊపిరి పీలుస్తుంది. ఆక్సిజన్ చర్మం మీది తడిలో కరిగితేనే రక్తంలోకి చేరుతుంది. ఒళ్లు ఆరిపోతే ఊపిరాడదు. అందుకే పగలంతా దుంగల కింద, రాళ్ల కింద ఉండి, తేమ ఉన్న రాత్రుల్లో పురుగుల వేటకు వస్తుంది. ప్లెథోడాన్ జాతులకు నీటిలో ఈదే పిల్లదశ కూడా లేదు. తేమ నేలలో పెట్టిన గుడ్డులోంచి నేరుగా బుల్లి సాలమాండరే వస్తుంది. నాకు ఇంకా ఇష్టమైన సంగతి: దీని చర్మం నుంచి వచ్చే జిగురు పక్షులకు రుచించదు, అందుకే ఎర్రబుగ్గలు కనిపిస్తే వదిలేస్తాయి. దాంతో అదే అడవిలో డెస్మోగ్నాథస్ ఇమిటేటర్ అనే ఇంకో సాలమాండర్ కూడా బుగ్గలు ఎర్రగా పెట్టుకుని బతికిపోతోంది!

కూర్గ్‌లో మాత్రం లేదండీ. పడమటి కనుమల్లో అసలు సాలమాండర్లే లేవు. డార్జిలింగ్, సిక్కిం వైపు టైలోటోట్రైటాన్ అనే న్యూట్ (అదీ ఒక రకం సాలమాండరే) ఉంది కానీ, దానికి ఊపిరితిత్తులున్నాయి.

వైట్‌ఫీల్డ్ వాసి:
మేడమ్, ఆసియా మొత్తంలో ఈ ఎర్రబుగ్గలదాని కుటుంబానికి చెందినవి లేనట్టేనా?

మల్లేశ్వరం జువాలజీ టీచర్:
ఒక్కటుంది. కొరియాలో కనిపించిన కార్సీనియా కొరియానా గురించి 2005లో ప్రకటించారు. ఈ కుటుంబంలో నాలుగు వందలకు పైగా జాతులుంటే దాదాపు అన్నీ అమెరికా ఖండాల్లోనే. యూరప్‌లో ఇటలీ, దాని చుట్టుపక్కల కొన్ని.

జయనగర తాతయ్య:
మనవడికి చదివి వినిపించానమ్మా. మరి కూర్గ్‌లో వాడికి ఏం చూపించను?

మల్లేశ్వరం జువాలజీ టీచర్:
వానాకాలం రాత్రి టార్చ్ వేసుకుని వాగు పక్కన కప్పల్ని చూపించండి. అదృష్టముంటే వానపాములా ఉండే సిసీలియన్ కనిపించవచ్చు, అదీ ఉభయచరమే. కానీ దేన్నీ చేత్తో పట్టుకోనివ్వకండి. మన చేతికున్న దోమల క్రీమ్, శానిటైజర్ వాటి పల్చటి చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి పోతాయి. రాయి ఎత్తి చూస్తే మళ్లీ ఉన్నచోటే మెల్లగా పెట్టమనండి.