ఎల్‌ఎల్‌ఎం ఎస్సే మొదటి లైను దగ్గరే ఆగిపోయా, మీరెలా రాశారు?

గుంటూరు జూనియర్: అమెరికాలో ఎల్‌ఎల్‌ఎంకి, అంటే లాలో మాస్టర్స్‌కి, అప్లై చేస్తున్నా. మూడేళ్లుగా సివిల్ సైడ్ జూనియర్‌ని. ఎస్సే నాలుగుసార్లు రాశా. ప్రతిసారీ "చిన్నప్పటి నుంచీ న్యాయం అంటే ఆసక్తి" అనే మొదలవుతోంది. నాకే ఆవలింతలొస్తున్నాయి.

హన్మకొండ వకీలమ్మ: నేనూ అలాగే మొదలెట్టా తమ్ముడూ. చింపేసి ఒక్క కేసు పట్టుకున్నా. ఓ రైతు పాత పహాణీలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని వచ్చేవాడు. ఆయన పట్టా భూమి అప్పటి భూరికార్డుల పోర్టల్ ధరణిలో నిషేధిత జాబితాకెక్కింది. కూతురి పెళ్లికి అరెకరం అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాదు. ఆ జాబితాకి మూలమైన రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ అంటే ఏంటో నేను చెబుతుంటే నా మొహం చూడడు, ఆ కవరునే తడుముతుంటాడు. రికార్డులో తప్పు పడితే దిద్దాల్సింది ఎవరు? అడ్మినిస్ట్రేటివ్ లా, అంటే ప్రభుత్వ ఆఫీసుల నిర్ణయాల మీది చట్టం, చదవాలనుకున్నది దానికోసమే. అదే రాశా, సీటొచ్చింది.

గుంటూరు జూనియర్: పహాణీ అంటే వాళ్లకేం తెలుస్తుందక్కా?

హన్మకొండ వకీలమ్మ: "ఏ సర్వే నంబరు ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు" అని ఒక్క ముక్క చాలు. చట్టం మొత్తం విప్పావంటే పేజీ అక్కడే అయిపోద్ది.

డల్లాస్ అమ్మ: మా అమ్మాయి రాసింది జేడీకి, అంటే ఇక్కడి మొదటి లా డిగ్రీకి. దాని పద్ధతి వేరు బాబూ. ఎల్‌ఎల్‌ఎంకి ఏం చదువుతావు, ఎందుకు అంటారు. జేడీకి నువ్వెవరివో చెప్పమంటారు, చాలాచోట్ల డబుల్ స్పేసింగ్‌లో రెండు పేజీలు. మొదట "అమ్మానాన్న రెండు సూట్‌కేసులతో వచ్చారు" అని రాసింది. అది మా కథేగానీ నీదెక్కడుందే అన్నా, రెండ్రోజులు అలిగింది. తర్వాత మా గ్రోసరీ షాపు ఆంటీకి ఇల్లు ఖాళీ చేయమని వచ్చిన నోటీసు చదివిపెట్టిన రాత్రి గురించి రాసింది. టెక్సాస్‌లో ఆ గడువు మూడు రోజులే ఉండొచ్చు. "మూడు రోజులు" అన్నది తెలుగులో ఎలా చెప్పాలో తెలియక కాదు, చెప్పలేక ఆగిపోయిందట.

విశాఖ బ్యాక్‌బెంచ్: కన్సల్టెన్సీకి మాత్రం డబ్బు పోయొద్దు బ్రో. నాకిచ్చిన మొదటి పేరా, నా రూమ్మేట్‌కిచ్చిన మొదటి పేరా ఒక్కటే. ఇంకోటి, పంపేముందు స్కూలు పేరు చూసుకో. ఒకదానికి పంపిన ఎస్సే చివర్లో ఇంకో స్కూలు పేరు వదిలేశా. ఏమైందో అడక్కండి.

గుంటూరు జూనియర్: మా ఆఫీసులో ఓ పార్టిషన్ సూట్, అంటే ఆస్తి పంపకాల కేసు, ఉంది. వేసింది తాత. ఆయన పోతే కొడుకు, కొడుకూ పోతే మనవడు. 90 రోజుల్లోపు మనవణ్ని ఎల్‌ఆర్‌గా, అంటే చట్టబద్ధ వారసుడిగా, రికార్డు మీదికి తెచ్చే పిటిషన్ నేనే రాశా. సంతకం పెడుతూ "మా పిల్లాడి ఆధార్ కూడా ఇప్పుడే ఇచ్చేయమంటారా?" అన్నాడు.

హన్మకొండ వకీలమ్మ: నీ మొదటి లైను అదే కదయ్యా!