డువేకి కవరు తొడగడం: మూలలు ఎందుకు జారిపోతున్నాయి?

చలిపులి:
యూకే కింగ్ సైజు డువే (ఇండియాలో కంఫర్టర్ అని అమ్మేది దాదాపు ఇదే). 225 × 220 సెం.మీ., 13.5 టాగ్ (వెచ్చదనం కొలత), లోపల పాలిస్టర్ దూది. కవరు నూలుది, 230 × 220. కాళ్ల వైపు ఆరు బొత్తాలు. ఆ అంచు కూడా పూర్తిగా తెరుచుకోదు, రెండు చివర్లా జానెడేసి కుట్టేసి ఉంది. దిండుకి గలీబు వేసినట్టు మూలలు పట్టుకుని లోపలికి తోస్తుంటే ఒకటి చేరేలోగా రెండోది మడతపడుతోంది. పట్టుకుని దులిపితే డువే అంతా కాళ్ల దగ్గర ముద్దవుతోంది. ఒక్క మనిషే చేసుకోగల పద్ధతి కావాలి. ఇంకోటి, సరిగ్గా పట్టిందనుకున్నాక కూడా వారం తిరక్కుండానే తల వైపు కవరు ఖాళీ సంచీలా మిగులుతోంది. ఎందుకంటారు?

చాపచుట్ట:
తోయడమే తప్పండీ. దిండు బిర్రుగా ఉంటుంది కాబట్టి తోస్తే వెళ్తుంది. డువేని తోస్తే ముడుచుకుంటుంది తప్ప ముందుకు పోదు. అందుకని డువేని కదపకుండా కవరునే దాని మీదకి తిప్పాలి.

కవరుని తిరగేసి, అంటే లోపలి కుట్లు బయటికి కనిపించేలా, మంచం మీద పరవండి. మూసి ఉన్న అంచు తలగడ వైపు, బొత్తాల అంచు కాళ్ల వైపు. దాని మీద డువే పరిచి మూలకి మూల కలపండి. మీ కవరు వెడల్పు 5 సెం.మీ. ఎక్కువ కాబట్టి అటూ ఇటూ రెండున్నర వదిలేయండి. తల వైపు మాత్రం అంచుకి అంచు కలవాల్సిందే. కవరు లోపల నాడాలుంటే ఇప్పుడే కట్టేయండి, తర్వాత అందవు.

ఇక తల వైపు నుంచి రెండింటినీ కలిపి చాప చుట్టినట్టు కాళ్ల వైపుకి చుట్టుకురండి. రెండు చుట్లకోసారి ఆగి రెండు కొసలూ సమానంగా ఉన్నాయో చూసుకోండి. ఒక కొస ముందుకెళ్లిందంటే విప్పాక డువే లోపల వంకరగా ఉంటుంది, మళ్లీ మొదటికి రావలసిందే.

బొత్తాల అంచు దాకా వచ్చాక అసలు కిటుకు. కవరు నోటిని తెరిచి, దాన్ని చుట్ట ఎడమ కొస మీదుగా తిరగేయండి, మేజోడు తిరగేస్తాం చూడండి, అలాగే. కుడి కొసకీ అంతే. మీకు చివర్లలో కుట్టు ఉంది కాబట్టి చుట్ట కొసలు నోటి కన్నా పొడుగవుతాయి. ఒక్కో కొసని లోపలికి మడిచి దూర్చాలి. చుట్ట మొత్తం కవరులోకి వెళ్లాక బొత్తాలు పెట్టేసి, తల వైపుకి దొర్లిస్తూ విప్పేయండి.

చలిపులి:
చుట్టడం బాగానే కుదిరింది. కానీ చుట్ట మరీ లావై, కుట్టు ఉన్న చోట నోట్లోంచి తిరగడం లేదు.

నాడాముడి:
13.5 టాగ్ అంటే చలికాలం డువే. అంత మందానికి, పైగా ఇరుకు నోటికి, చాప చుట్ట నప్పదు. 4.5 టాగ్ వాటికైతే భేషుగ్గా ఉంటుంది. మందపాటివాటికి చేతుల పద్ధతి చేయండి.

కవరు తిరగేసే ఉండాలి. నోట్లోంచి రెండు చేతులూ లోపలికి పోనిచ్చి, బట్టని చొక్కా చేతులు ఎగదోసినట్టు మోచేతుల మీదకి పోగుచేసుకుంటూ తల వైపు రెండు మూలలు అందుకోండి. ఆ మూలల బట్టతో సహా డువే తల వైపు మూలలు పట్టుకోండి. పట్టు వదలకుండా కవరుని వాటి మీదుగా కిందికి జార్చండి. రెండు మూలలకీ పెద్ద బట్టల క్లిప్పులు పెడితే చేతులు ఖాళీ అవుతాయి, అప్పుడు పక్క అంచులు లాగి సరిచేసుకోవచ్చు. కాళ్ల వైపు మూలల్ని చివర్లో, ఒక్కొక్కటిగా, చేత్తో కుట్టున్న మూలలోకి కూర్చండి. దులపడం అన్నిటికన్నా ఆఖర్న, అదీ తల వైపు పట్టుకుని.

వారానికి జారడం సంగతి. డువే పై గుడ్డ నున్నటి మైక్రోఫైబర్ అయితే నూలు కవరులో నిలవదు, నిద్రలో కాళ్లతో లాగినప్పుడల్లా కాస్త కాస్త దిగుతుంది. దానికి నాడాలే మందు. కవరు లోపలి మూల ఒక్కోదానికి 20 సెం.మీ. నాడాలు రెండు, మొత్తం ఎనిమిది. డువే మూలలకి చిన్న ఉచ్చులు నాలుగు. ఉచ్చుని డువే అంచు కుట్టు మీదే కుట్టండి. సూది లోపలి దూది దాకా దిగితే ఆ రంధ్రాల్లోంచి పీచు బయటికొస్తుంది, ఈకల డువే అయితే మరీ. ముడి గట్టిగా వేయకండి, జారుముడి చాలు. ఎవరైనా లాగితే ముడి ఊడాలి, కుట్టు కాదు.

ఇంకో అనుమానం: 225 × 220 చూడ్డానికి చదరంలాగే ఉంటుంది. అడ్డం తిప్పి వేస్తే వెడల్పులో 10 సెం.మీ. ఖాళీ, పొడవులో 5 సెం.మీ. ఎక్కువ. కాళ్ల వైపు రెండు మూలల్లో ఎర్రదారంతో గుర్తు కుట్టుకోండి. యూరప్ కొలత 240 × 220 కవర్లు కూడా యూకేలో దొరుకుతాయి, పొరపాటున కొంటే వెడల్పులో 15 సెం.మీ. వదులు. అప్పుడు ఏ కిటుకూ పనిచేయదు.

కుట్టుమిషన్:
ఇక్కడ రజాయిలకు కవర్లు కుట్టిచ్చుకునేటోళ్లు కూడా సదువుతున్నరు గాబట్టి చెప్తున్న. నోరు ఎంతుండాలో ముందే అనుకుంటే ఈ లొల్లి సగం తగ్గుతది.

సింగిల్ రజాయి 60 × 90 అంగుళాలు అనుకోండ్రి. బట్ట ముందు ఉతికి ఆరేయాలె. నూలు బట్ట మొదటి ఉతుకుల నూటికి 3 నుంచి 5 వంతులు గుంజుకపోతది, 90 అంగుళాల మీద అది నాలుగున్నర దాకా వస్తది. ఉతకకుండ కుట్టిస్తే రెండో నెలల రజాయి పట్టదు. ఉతికినంక ఒక్కో పొర 61 వెడల్పు, 93న్నర పొడవు కోసుకోవాలె. పక్కలకు అరంగుళం చొప్పున కుట్టు, తల దిక్కు అరంగుళం, నోటి దిక్కు మడతకు మూడు.

కాళ్ల దిక్కు రెండు చివర్ల 10 అంగుళాల చొప్పున కుట్టేసి, నడుమ 40 వదలాలె. 60కి 60 మొత్తం తెరిస్తే తొడుగుడు అల్కగ ఉంటది కానీ రాత్రికి రజాయి మూలలు బయటికొస్తయి. గుండీలు నాలుగు, ఎనిమిది అంగుళాలకొకటి. జిప్పు పెట్టిస్తే రన్నర్ దాసుకునేటట్టు పైన మడత ఉంచుమని చెప్పుండ్రి, లేకుంటే కాళ్లకు గీస్కపోతది.

చలిపులి:
చేతుల పద్ధతిలో మూలలు సరిగ్గా కూర్చున్నాయి. నాడాలు కుట్టాలి ఇక. మిషన్లో వేసినప్పుడు మిగతా బట్టలన్నీ కవరులోకి దూరి ఉండ చుట్టుకుపోతున్నాయి, దానికేమైనా ఉందా?

నాడాముడి:
బొత్తాలు పెట్టేసి వేయండి, ఆ విడతలో చిన్న బట్టలు కలపకండి. కవరుని తిరగేసే ఉతికి, అలాగే ఆరేసి, అలాగే మడతపెట్టుకోండి. మళ్లీ తొడిగేటప్పుడు తిరగేసే పని తప్పుతుంది.