స్కైడైవింగ్ నేర్చుకోడానికి బాడీ ఎంత ఫిట్‌గా ఉండాలండీ? బరువు 97 కిలోలు

లాకుల_పిల్లోడు:
అందరికీ నమస్కారమండీ. మాది అమలాపురం పక్కన. వయసు 33, బరువు 97, రొయ్యల మేత వ్యాపారం, అంటే సగం రోజు ఫోను సగం రోజు బండి. దుబాయ్‌లో మా బావ ఉన్నాడు, వచ్చే చలికాలం అక్కడికెళ్ళి ఏఎఫ్ఎఫ్ (యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్) కోర్సు చేద్దామనుకుంటున్నా. ఇన్‌స్ట్రక్టర్‌కి కట్టుకుని దూకే టాండమ్ కాదండోయ్, మన పారాచూట్ మనమే లాగే కోర్సు. చిన్నప్పుడు లాకుల మీంచి కాలవలోకి దూకినోళ్ళమే, ఎత్తంటే భయం లేదు, కానీ ఇప్పుడు మేడ మెట్లెక్కితే రొప్పొచ్చేస్తంది. రోజూ గట్టు మీద రన్నింగ్ మొదలెట్టా. అది సరిపోద్దా, జిమ్‌కి కూడా వెళ్ళాలా? ఇంకోటి, కొన్నేళ్ళ కిందట వాలీబాల్ ఆడుతుంటే కుడి భుజం జారింది, సరిచేయించుకున్నా, ఇప్పుడు నొప్పేం లేదు. కోర్సులో చేరేటప్పుడు ఆరోగ్యం గురించి నింపే ఫారంలో అది రాయక్కర్లేదు కదా?

గౌతమి_గాలి:
రాయాలండీ బాబూ, ముందు ఆ భుజం సంగతే చూడండి, రన్నింగ్ తర్వాత. ఎందుకంటే ఫ్రీఫాల్‌లో, అంటే పారాచూట్ తెరవకముందు బోర్లా పడేటప్పుడు గాలి గంటకి 190 కిలోమీటర్ల పైన కొడతా ఉంటది, చెయ్యి కాస్త అడ్డదిడ్డంగా పెడితే అదే విరుచుకుని తీసుకుపోద్ది. పైగా మెయిన్ పారాచూట్ హ్యాండిల్ మామూలుగా వీపు సంచీకి అడుగున కుడి పక్కనే ఉంటది, అంటే మీ జారిన భుజమే వెనక్కి తిప్పి లాగాలి. స్టూడెంట్ సంచీలో పారాచూట్ తెరవకుండానే ఒక ఎత్తుకొచ్చేస్తే అదనపు పారాచూట్ అయిన రిజర్వ్‌ని తనంతట తనే తెరిచే పరికరం ఉంటది, నిజమే, కానీ దాన్ని నమ్ముకుని దూకుతామా? పారాచూట్ తెరుచుకున్నా పని అవ్వదు, దిగేటప్పుడు వేగం తగ్గడానికి రెండు టాగుల్సూ (పారాచూట్‌ని తిప్పే చేతి పిడులు) చెవుల దగ్గర్నుంచి తుంటి దాకా ఒకేసారి కిందకి లాగాలి, దాన్నే ఫ్లేర్ అంటారు, ఒక చెయ్యి రాకపోతే పారాచూట్ పక్కకి తిరిగిపోద్ది, నేల దగ్గర అది చాలా ప్రమాదం.

బరువు సంగతి. చాలా సెంటర్లు 90, 100 కిలోల మధ్య ఎక్కడో గీత గీస్తాయి, మీరు వెళ్ళే చోట ముందే అడగండి. వేధించడానికి కాదండీ, బరువున్నోడు వేగంగా పడతాడు, పక్కన పట్టుకున్న ఇన్‌స్ట్రక్టర్లు ఆ వేగం అందుకోవాలి, మోకాళ్ళ మీద దెబ్బా ఎక్కువే. 85కి దిగండి, రొప్పు కూడా దానంతటదే తగ్గుద్ది.

ఇక కండలు అక్కర్లేదు. కావాల్సింది ఆర్చ్, అంటే తుంటి ముందుకి తోసి తల, చేతులు, కాళ్ళు వెనక్కి వంచడం. ఇంట్లో చాప మీద బోర్లా పడుకుని శలభాసనం వేసి అర నిమిషం అలాగే ఉండండి చూద్దాం, ఎక్కడ పట్టేస్తదో తెలుస్తది. మీ ఇంట్లో గిలక నుయ్యి ఉంటే ఇంకా మంచిది, చేద లాగడం అచ్చం టాగుల్ లాగినట్టే ఉంటది, పై నుంచి కిందకి, జిమ్‌కి డబ్బులెందుకు.

ఫిజియో_భీమవరం:
పైన చెప్పినాయన అంతా బాగానే చెప్పారు గానీ నుయ్యి మాత్రం ఇప్పుడే వద్దండీ. ఒకసారి జారిన భుజం మళ్ళీ జారే అవకాశం ఎక్కువ, నొప్పి లేదంటే గట్టిపడిందని కాదు. చెయ్యి పక్కకి ఎత్తి, మోచెయ్యి మడిచి, ముంజెయ్యి వెనక్కి వంచితే లోపల జారిపోతుందేమో అన్న బెదురు వస్తుందా? వస్తే ఆర్థో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఫ్రీఫాల్‌లో చేతులుండేది దాదాపు అదే భంగిమలో. రాకపోయినా ఒకసారి చూపించుకుని, రబ్బరు బ్యాండ్‌తో రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు) ఎక్సర్‌సైజులు కొన్ని నెలలు చేశాక అప్పుడు చేద పట్టుకోండి. డాక్టర్ వద్దంటే మాత్రం వద్దే.

మాజీ_జవాన్:
ఆగ్రా పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో మాకు విమానం ఎక్కించే ముందు నేల మీద పడటమే నేర్పించారు, విసుగొచ్చేదాకా. పాదాలు, మోకాళ్ళు ఫెవికాల్ పెట్టినట్టు అతికించి, మోకాళ్ళు కాస్త వంచి, ముందు పాదం, తర్వాత పిక్క, తొడ, పిర్ర, వీపు పక్క, ఇలా దొర్లాలి. ఎక్కువమంది చేసే తప్పు చెయ్యి కింద ఆనించడం, మణికట్టు పోద్ది. మీది చతురస్రం పారాచూట్, మాది గుండ్రంది, మీకు నిలబడి దిగే వీలుంటది, అయినా ఫ్లేర్ కుదరని రోజు ఇదే కాపాడేది. వరి కోసిన చేలో గడ్డి పరుచుకుని, ముందు నిలబడ్డ చోటు నుంచే పక్కకి దొర్లండి, తర్వాత అరుగంత ఎత్తు చాలు. మేడ మీంచి కాదు బాబూ, లాకుల మీంచి దూకిన ధైర్యం ఇక్కడ పనికిరాదు, అక్కడ కింద నీళ్ళున్నాయి.

టన్నెల్_తమ్ముడు:
దుబాయ్ టికెట్ కొనే ముందు హైదరాబాద్‌లో ఇండోర్ టన్నెల్ (కింది నుంచి గాలి కొట్టి మనిషిని తేల్చే గది) ఒకసారి ట్రై చెయ్యండి అన్నా, కానీ భుజం చూపించుకున్నాకే. నేను బయటికొచ్చేసరికి బనీను తడిసి ముద్ద, మర్నాడు మెడ తిప్పలేకపోయా, ఒళ్ళు బిగపట్టేశానన్నమాట. బిగిస్తే ఊగిపోతాం, వదిలేస్తే నిలబడతాం, ఇన్‌స్ట్రక్టర్ వేళ్ళతో సైగ చేస్తా ఉంటాడు కాళ్ళు చాపు అని, మనకి వినిపించదుగా.

లాకుల_పిల్లోడు:
చాలా థాంక్సండీ. ఆర్థో డాక్టర్‌కి ఫోన్ చేశా, శనివారం రమ్మన్నారు. బరువుకి మా ఆవిడ రాత్రి అన్నం ఆపేసింది, నేను అడక్కుండానే. జలుబుంటే దూకకూడదంట కదా, నాకు మంచు పడితే చాలు ముక్కు దిబ్బడ, అదెలా మరి?

గౌతమి_గాలి:
దిబ్బడుంటే ఆ రోజు దూకొద్దంతే. 13,000 అడుగుల నుంచి పారాచూట్ తెరిచే ఎత్తుకి నిమిషంలోపే వచ్చేస్తాం, చెవిలో గాలి సర్దుకోకపోతే కర్ణభేరికే దెబ్బ. కోర్సుకి రెండు మూడు రోజులు ఎక్కువ పెట్టుకునే వెళ్ళండి, గాలి ఎక్కువున్నా ఎలాగూ ఆపేస్తారు. లైసెన్స్ దాకా వెళ్ళాలంటే 25 జంపులు, అవన్నీ ఒక ట్రిప్‌లో అయిపోవాలని పట్టు పట్టకండి. కళ్ళజోడుందా మీకు? ఉంటే దాని మీదకి పట్టే గాగుల్స్ ఉన్నాయో లేదో అది కూడా అడగండి.