అప్‌డేట్: నాన్నగారి నడకను ఇంట్లో కొలవడం గురించి

పార్కిన్సన్స్ (కదలికలను మందగింపజేసే నరాల జబ్బు) ఎంత ముదిరిందో నడక కొలిచి తెలుసుకోవచ్చా అని నాన్నగారి విషయంలో అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. న్యూరాలజిస్టును కలిశాం. కొలవవచ్చు, కానీ లెవోడోపా (ఈ జబ్బుకు వాడే మందు) మాత్ర వేసుకున్న ఎంతసేపటికి కొలిచామో రాయకపోతే ఆ అంకెకు విలువ లేదన్నారు. మందు పనిచేస్తున్నప్పటి నడక వేరు, దాని ప్రభావం తగ్గాక వేరు. అందుకే ఎప్పుడూ ఒకే సమయానికి, అవే చెప్పులతో చూస్తున్నాం: కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి పట్టే సెకన్లు. 10 మీటర్ల నడకలో అడుగులూ లెక్కపెడుతున్నాం. అవి పెరిగితే అంగ కురచవుతున్నట్టు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మలుపు. నేరుగా బాగానే నడిచే మనిషి, వెనక్కి తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు వేస్తూ ఆగిపోతున్నారు. సెకన్ల లెక్కలో అది కనిపించలేదు, వీడియోలో కనిపించింది. ఇప్పుడు ఫిజియోథెరపిస్టు మలుపులే సాధన చేయిస్తున్నారు. మీరూ కొలిస్తే, పక్కన ఒకరు తప్పకుండా ఉండండి.