పొట్సువోలిలో నేలను పైకి లేపుతున్నది వాయువులా, మాగ్మానా?

భూగర్భశాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించగలరా? ఇటలీలో నేపుల్స్ పక్కనున్న కాంపీ ఫ్లెగ్రేయి అగ్నిపర్వతం మీద ఉన్న పొట్సువోలి పట్టణంలో 1982–84 మధ్య నేల దాదాపు 1.8 మీటర్లు పైకి లేచింది. విస్ఫోటనం మాత్రం జరగలేదు. తర్వాత కొంత కుంగి, 2005 నుంచి మళ్లీ లేస్తోంది. అక్కడి రోమన్ అంగడి పాలరాతి స్తంభాలకు మనిషి ఎత్తుకు చాలా పైన సముద్రజీవులు తొలిచిన రంధ్రాలున్నాయి. అంటే అవి ఒకప్పుడు అంత లోతున మునిగి, మళ్లీ తేలాయన్నమాట!

మాగ్మా (భూమి లోపలి కరిగిన రాయి) పైపొరల్లోకి చొరబడినా, దాని నుంచి వెలువడిన ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ రాతి పొరల్లో ఒత్తిడి పెంచినా నేల ఉబ్బుతుంది కదా. మరి కారణం ఏదో ఎలా తేలుస్తారు? గురుత్వాకర్షణ కొలతలు సరిపోతాయా, వాయువుల కూర్పు కూడా చూడాలా? 1538లో మోంటే నువోవో కొండ వారం రోజుల్లో పుట్టుకొచ్చింది అక్కడే. ఇప్పుడు ఆ చుట్టూ లక్షల మంది ఉంటున్నారు, అందుకే ఇంతగా అడుగుతున్నాను.