నిహారిక ఫొటోను ఎంతవరకు సాగదీయవచ్చు?

మేడమీది దుర్భిణి:
జనవరిలో ఉప్పల్‌లోని మా మేడ మీదినుంచి ఓరియన్ నిహారికను (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘం) 30 సెకన్ల చొప్పున 200 ఫ్రేములు తీశాను. స్టాక్ చేసి (అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపి), నగరపు వెలుతురు తీసేసి తెరిస్తే నాలుగు చుక్కలు, మిగతా అంతా చీకటి. ఏ వెలుతురులో ఎన్ని చుక్కలున్నాయో చూపే హిస్టోగ్రామ్ చీకటివైపు, అంటే ఎడమ అంచున సూదిలా నిలబడింది. మసక వెలుతురును పైకి సాగదీసి, అంటే స్ట్రెచ్ చేయగానే రెక్కలు విప్పిన గబ్బిలంలా మేఘం బయటపడింది. దాని కింద గోధుమరంగు ధూళి తోక కూడా కనబడితే మురిసిపోయాను. మా బావగారు చూసి "ఇందులో ఆకాశం ఎంత, నీ చేతివాటం ఎంత?" అన్నారు. సమాధానం తోచలేదు. మీరేమంటారు?

పాత ఫిల్ము:
బావగారి వైపే నేను. టెలిస్కోపులో కంటికి కనిపించేది బూడిదరంగు పొగ. మీ ఫొటోలో ఎరుపు, నీలం పోటీపడుతున్నాయి. పైగా నడిమధ్య గుంపుగా ఉన్న ట్రెపీజియం నక్షత్రాలు తెల్లటి ముద్దలో మాయమయ్యాయి. ఒకప్పుడు బేగంపేటలో నిజామియా వేధశాలవారు గాజు పలకల మీద ఆకాశాన్ని తీసి నక్షత్రాల స్థానాలు కొలిచారు. రంగులు అద్దలేదు.

నల్లబిందువు:
కొలవడం వేరు, చూపడం వేరు. కొలిచేవారు స్ట్రెచ్ చేయని ఫైలే వాడతారు. ఇక కన్ను కొలబద్ద ఎలా అవుతుందండీ? మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు. హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలిగేది మాత్రం నిజం. 14 బిట్ల కెమెరా వెలుతురులో 16,384 మెట్లు నమోదు చేస్తుంది, మామూలు తెర చూపేది 256. మేఘం పలుచని భాగమంతా అడుగు మెట్లలోనే ఉంటుంది. సాగదీయకపోతే అది లేనట్టు చూపడమే కదా, అదీ అబద్ధమే. ఖగోళ ఫొటోగ్రాఫర్ డేవిడ్ మాలిన్ 1970ల చివర్లో ఫొటో పలకల్లోని మసకను ఇలాగే పైకి లాగి, ఎం89 గెలాక్సీ చుట్టూ ఎవరూ చూడని పొరలను పట్టుకున్నారు. చిత్రమంతటికీ ఒకే కర్వు (ఏ మెట్టును ఎంత పైకి లాగాలో చెప్పే గీత) వేస్తే కాంతిమంతమైనది కాంతిమంతంగానే ఉంటుంది, వరుస తప్పదు. ముద్దైన నడిమి భాగానికి 2, 3 సెకన్ల ఫ్రేములు విడిగా తీసి, ఆ చోటు వరకే మార్పు పడేలా మాస్కుతో కలపండి.

పాత ఫిల్ము:
ఒకే కర్వు అన్నారు, ఆ వెంటనే మాస్కు అన్నారు! మాస్కు పడిన చోట మీరు చెప్పిన వరుస చెదిరినట్టే కదా?

నల్లబిందువు:
అవును, చెదురుతుంది. అక్కడ దొరికిపోయాను. చిత్రం కింద ఆ మాట రాసి పెట్టడమే మార్గం. నాకు అసలు కోపం నలుపు బిందువును (పూర్తి నలుపుగా చూపే హద్దును) మరీ కుడికి జరిపి మసక ధూళిని తుడిచేసేవాళ్ల మీద, కృత్రిమ మేధతో నాయిస్ (కెమెరా గరుకుదనం) లోంచి పోగులు నేసేవాళ్ల మీద. దుర్భిణి గారూ, మీ ఫ్రేములను రెండు వాటాలు చేసి ఒకే కొలతలతో విడివిడిగా సాగదీసి చూడండి. 200 కలిపితే నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ సుమారు 14 రెట్లు మెరుగవుతుంది, 100 అయితే 10 రెట్లు. కాబట్టి పోలిక చెడదు.

మేడమీది దుర్భిణి:
తీసిన వరుసలోనే మొదటి 100, చివరి 100 విడదీశాను. రెక్కలు రెండింటిలోనూ ఉన్నాయి. గోధుమరంగు తోక చివరి వందలో మాత్రమే ఉంది. టైము చూస్తే, పక్కింటివారు నీళ్ల ట్యాంకు దగ్గర బల్బు వేసిన తర్వాతివి అవి. బావగారికి ఇంకా చెప్పలేదు.