చావడానికి బయల్దేరిన పైలట్‌ని సముద్రం వెనక్కి తిప్పగలదా? ఒక యుద్ధ కవిత మీద సందేహం

మూసీ_ఒడ్డు (నల్గొండ):
అందరికీ నమస్తే. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా అక్క కూతురు ఇంగ్లండ్‌లో పదో తరగతి, వాళ్ల పాఠాల్లో బియాట్రిస్ గార్లాండ్ రాసిన ‘కమికాజే’ అనే కవిత ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక జపాన్ పైలట్ విమానంతో సహా శత్రువు మీద పడి చచ్చిపోవడానికి పొద్దు పొడుపునే బయల్దేరతాడు. వెంట ఒక కత్తి, మంచినీళ్లు, గుండు చేసిన తల నిండా మంత్రాలు, పోవడానికి మాత్రమే సరిపడా ఇంధనం. సగం దూరం పోయాక కింద చేపల పడవలు, ఎండకి తళుక్కుమంటున్న చేపల గుంపులు కనిపించి, చిన్నప్పుడు అన్నదమ్ములతో ఒడ్డున గులకరాళ్లు పేర్చుకుంటూ నాన్న పడవ కోసం ఎదురుచూసిన రోజులు గుర్తొచ్చి విమానం వెనక్కి తిప్పేస్తాడు. ఇక ఇంట్లో భార్య ఆయన ముందు నోరు విప్పదు, కళ్లలోకి చూడదు. ఇరుగుపొరుగు ఆయన లేనట్టే ఉంటారు. పిల్లలు కొన్నాళ్లు కబుర్లు చెప్పి, మెల్లగా వాళ్లూ మాట్లాడకుండా ఉండటం నేర్చుకుంటారు.

పిల్ల అడిగింది: పిన్నీ, దేశం కోసం అంత సిద్ధపడినవాణ్ణి నీళ్లూ చేపలూ ఆపుతాయా, నమ్మబుద్ధి కావట్లేదు అని. మీరేమంటారు? మన సాహిత్యంలో ఇలాంటివాడు ఉన్నాడా?

పాలమూరు_పాఠకుడు:
అక్కా, ఒక సంగతి పిల్లకి తప్పకుండా చెప్పండి. ఆ కుర్రాళ్లని చావుకి పంపినప్పుడు కూడా ప్రకృతి అందాన్నే వాడారు. 1944 అక్టోబర్‌లో ఫిలిప్పీన్స్‌లో మొదటి దళాలు పెట్టినప్పుడు వాటి నాలుగు పేర్లూ 18వ శతాబ్దపు పండితుడు మోటోరి నోరినాగా పద్యంలోంచి తీసుకున్నారు, ఉదయపు ఎండలో కొండ చెర్రీ పూలు మెరిసే పద్యం అది. తర్వాత ‘ఓకా’ అని ప్రత్యేకంగా ఆత్మాహుతి విమానం చేసి దాని పక్కన చెర్రీ పువ్వు బొమ్మ వేశారు. పువ్వు రాలినంత అందంగా నువ్వూ రాలిపో అని చెప్పడమే కదా. అందుకే కవయిత్రి చెర్రీ పూల జోలికి పోకుండా పీతలు, రొయ్యలు, ఉప్పునీళ్లతో తడిసిన పడవ తెచ్చిందని నాకనిపిస్తుంది. అవి కడుపు నింపే అందాలు, ఇంటికి తెచ్చుకునేవి. నాకైతే నమ్మేట్టుగానే ఉంది.

నిదానంగా_చదువుతా:
అన్న చెప్పింది బాగుంది, కానీ కవితలో ఇంకో మెలిక ఉంది. ఆయన కిందికి చూశాడని కవిత ఎక్కడా ఖాయంగా చెప్పదు. చూసే ఉంటాడు అని ఆ పైలట్ కూతురు అనుకుంటుంది, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత తన పిల్లలకి చెప్తూ. ఇంట్లో మాటలే లేనప్పుడు ఆమెకి నిజం ఎట్లా తెలుస్తుంది? అసలెందుకు వచ్చావు నాన్నా అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. కాబట్టి ఆ సముద్రం, ఆ వెండి చేపలు అన్నీ కూతురు కట్టిన కారణం. నాన్న పిరికివాడు అనడం ఇష్టం లేక ఆయనకో మంచి కారణం వెతికి పెట్టింది, చాలా ఆలస్యంగా. నాకు ఆ కవితలో ఏడుపొచ్చేది అక్కడే. మీ అక్క కూతురి అనుమానం సరైందే మేడం, ఆ అనుమానం కవితలోనే ఉంది.

వాడపల్లి_రేవు:
మన దగ్గర ఉన్నాడండీ, ఖడ్గ తిక్కన. కవి తిక్కనకి దాయాది, నెల్లూరు మనుమసిద్ధి కొలువులో వీరుడు. పుల్లరి (పశువుల మేత పన్ను) తగాదాలో కాటమరాజు మీదికి పోయి ఓడి ఇంటికొస్తే, భార్య చానమ్మ స్నానానికి నీళ్లు పెట్టి పక్కన పసుపు ముద్ద పెడుతుంది, మంచం అడ్డం పెడుతుంది. ఇదేంటంటే, ఇంట్లో ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్లం అయ్యాం, సిగ్గెందుకు అంటుంది. తల్లి విరిగిపోయిన పాలు పోసి, నీలాగే పాలు కూడా విరిగాయి అంటుంది. ఆయన మళ్లీ పోయి చచ్చిపోతాడు. చాటువులు అక్కడితో ఆగిపోతాయి. పల్నాటి కథలోనూ అంతే, మాంచాల బాలచంద్రుణ్ణి తానే యుద్ధానికి సాగనంపుతుంది. కృష్ణ దాటితే ఆ యుద్ధం జరిగిన కారంపూడి, ఇప్పటికీ కార్తీకంలో వీరుల పండగ చేస్తారు.

నేను గమనించింది ఏంటంటే, మన కథల్లో సిగ్గు నోరు తెరిచి తిడుతుంది, ఒక్క పూటలో పని పూర్తి చేస్తుంది. జపాన్ ఇంట్లో అది ఏళ్ల తరబడి మౌనంగా కూర్చుంటుంది. ఇక మర్నాటి నుంచి ఆ చానమ్మ ఎట్లా బతికిందో మన కవులు ఒక్క పద్యం కూడా చెప్పలేదు, నాకది పెద్ద లోటు.

దేవరకొండ_వైపు:
మా తాత సాయుధ పోరాటంలో దళంలో ఉన్నాడు. 1948లో యూనియన్ సైన్యం వచ్చాక చాలామంది నల్లమల వైపు పోయారు కదా, ఈయనా పోయాడు. పోరాట విరమణ 1951 అక్టోబర్‌లో, ఈయన అంతకుముందే లొంగిపోయి ఇల్లు చేరాడు. ఊళ్లో అమరుల పాటలు పాడుతుంటే లేచి వెళ్లిపోయేవాడట. సొంత తమ్ముడు పెళ్లిళ్లలో పక్కన కూర్చునేవాడు కాదు. మాకెప్పుడూ తుపాకీ గురించి, లొంగిపోవడం గురించి చెప్పలేదు. అడవి గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పేవాడు, ఇప్పపూల వాసన, తేనెపట్టు ఎట్లా దించుతారో, వేసవిలో ఏ వాగులో చెలమ తీస్తే నీళ్లొస్తాయో. చిన్నప్పుడు మాకవి కథలు. ఇప్పుడు ఈ కవిత గురించి చదువుతుంటే, తిరిగొచ్చినవాడికి సిగ్గు లేకుండా మాట్లాడటానికి మిగిలింది ఆ చెట్లూ నీళ్లేనేమో అనిపిస్తోంది.

మూసీ_ఒడ్డు (నల్గొండ):
దేవరకొండ తమ్ముడూ, ఇది చదివి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. మీ నాయనమ్మ ఆయనతో ఎట్లా ఉండేది?

దేవరకొండ_వైపు:
మాట్లాడేది అక్కా. ఊరంతా ముఖం తిప్పుకున్నా ఆమె మాత్రం మాట్లాడేది, కోప్పడేది, అన్నం తినమని అరిచేది. అందుకే ఆయన ఎనభై దాటి బతికాడని మా నాన్న అంటాడు.

పేట_కుర్రోడు (సూర్యాపేట):
నేనొక్క మాట అంటాను, ఈ కవితని దేశభక్తికి వ్యతిరేకం అని పిల్లతో రాయించకండి. మా ఊరి కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయారు. చౌరస్తాలో ఆయన విగ్రహం ముందు నుంచి పోతుంటే నాకు గర్వమే. కానీ ఆయన తన మనుషుల్ని ముందుండి నడిపిస్తూ పోయారు, ఎవరూ ఆయన్ని చచ్చి రమ్మని పంపలేదు. ఆ పైలట్‌కి చావే ఆర్డర్. తిరుగు ప్రయాణానికి ఇంధనం కూడా లెక్కలో లేదు. ప్రమాదం ఉందని తెలిసి పోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది మేడం, వ్యాసంలో ముందు అది రాయమనండి, చేపల సంగతి ఆ తర్వాత.